ఓడకు త్రోవ చూపు సాధనములు – వాని పరీక్షలు



పొరుగూరికి పోవువాడు త్రోవ తప్పినచో ఎదురుపడిన గొల్లవాని నడిగి తెలిసికొనును. మర్రిచెట్టు, చెరువుగట్టు, గుడిగోపురము ఇవి యన్నియు వానికి గురుతులు. సముద్రముమీద ఇట్టి గురుతులు లేవు. తీరము కనుమరుగైన తరువాత నలుదెసల నీరొక్కటే. 'నే నిప్పు డెచ్చట నున్నాను?' అను ప్రశ్నకు సమాధానము తెలియనివాడు ఎంత నేర్పరియైనను ఓడను రేవు చేర్చలేడు. ఆ సమాధానము చెప్పు సాధనములను మనుష్యుడు ఒకదాని వెంట నొకటి కల్పించుచునే యున్నాడు. నేడు నేను చెప్పదలచినది ఆ సాధనముల గొప్పతనమును గాదు. వానిని నమ్మి ప్రాణములు అప్పగించుటకు ముందు వానికి పెట్టు పరీక్షలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

క్రొత్త ఎద్దును కొనువాడు సంతలోనే దానిని నాలుగడుగులు నడిపించి చూచును. ఇంటికి తెచ్చి నాగటికి కట్టి దుక్కిలో మరల చూచును. సంతలో చక్కగా నడచినది దుక్కిలో చతికిలబడవచ్చును. ఓడ సాధనములకును ఈ రెండు పరీక్షలు కలవు. ఒడ్డున ఒకటి, నడిసముద్రమున ఒకటి. ఈ రెంటి తీర్పులు ఎల్లప్పుడును ఏకీభవింపవు. అచ్చటనే కథ యంతయు నున్నది.

ముందుగా ఒక చిన్న లెక్క. ఓడ ఉత్తర దక్షిణములుగా ఎంతదూరమున నున్నదో తెలిసికొనుట కష్టము గాదు. ధ్రువనక్షత్రము ఆకసమున ఎంత ఎత్తున కనబడునో కొలిచినచో ఆ సంగతి తేలును. తూర్పు పడమరల దూరము, అనగా రేఖాంశము, అంత సులభముగా తేలదు. ఏలయన భూమి తిరుగుచున్నది. తూర్పుననున్నవారికి ఇప్పుడు కనబడిన ఆకసమే కొంతసేపటికి పడమటివారికిని కనబడును. ఆ కొంతసేపు ఎంతయో తెలిసినగాని దూరము తెలియదు. పంచాంగము చూచు పెద్దలకు ఇది క్రొత్తమాట గాదు. ఒక ఊరికి గుణించిన పంచాంగమును మరియొక ఊరికి వాడుకొనునపుడు దేశాంతర సంస్కారము చేయుదురు గదా! ఒక్క డిగ్రీ రేఖాంశమునకు కాలభేదము 4 నిమిషములు. మన లెక్కలో 10 విఘడియలు. బయలుదేరిన రేవునందలి కాలమును తప్పక చూపు గడియార మొకటి ఓడలో నున్నచో, సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ దానిని చూచి, భేదమునుబట్టి రేఖాంశమును తేల్చవచ్చును. ఐతే భూమధ్యరేఖ దగ్గర గడియారము 4 నిమిషములు తప్పినచో త్రోవ 60 సముద్రపు మైళ్ళు తప్పును. ఊగెడి ఓడలో, ఉప్పుగాలిలో, ఎండలో చలిలో తప్పని గడియారమును చేయుట ఎట్లు?

1707వ సంవత్సరము అక్టోబరులో బ్రిటిషు నౌకాదళపు ఓడలు నాలుగు, తామున్న తావును తప్పుగా గుణించి, సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకొని మునిగెను. వేయిమందికి పైగా నావికులు చనిపోయిరి. 1714లో ఆ దేశపు పార్లమెంటు ఒక చట్టము చేసి, రేఖాంశమును అర డిగ్రీకి మించిన తప్పు లేకుండ తేల్చు ఉపాయమునకు 20,000 పౌనుల బహుమానము ప్రకటించెను. ఆ చట్టమున నేను మెచ్చుకొను విశేష మొకటి కలదు. బహుమానము యుక్తికి గాదు. యుక్తి చెప్పినవాడు దానిని బ్రిటనునుండి వెస్టిండీసు దీవులవరకు ఓడలో గొనిపోయి చూపవలెను. అంతవరకు వచ్చిన పండితుల వాదములన్నింటిని ఆ ఒక్క నిబంధన గాలించివేసినది.

ఈ బహుమానమునకై జీవితమంతయు ధారపోసినవాడు జాన్ హారిసన్. అతడు వడ్రంగి కొడుకు, తానును వడ్రంగియే. కళాశాల మెట్టు ఎక్కినవాడు గాడు. అతని మొదటి గడియారము పెద్ద పెట్టెయంత యుండెను. 1736లో దానిని లిస్బను రేవువరకు కొనిపోయి తెచ్చిరి. తిరుగు ప్రయాణమున ఇంగ్లండు తీరము కనబడినపుడు ఓడ నడుపువాడు అది స్టార్టు అను కొన యనుకొనెను. హారిసన్ గాదనెను, లిజర్డు అను కొన యనెను. చూడగా లిజర్డే యైనది. ఈ రెంటికి నడుమ దూరము 60 మైళ్ళ వరకు కలదు. ఓడ నడుపువాడే ఆ సంగతి వ్రాసి యిచ్చెను. హారిసన్ మాత్రము తన యంత్రమున ఇంకను లోపములున్నవని తానే చెప్పి, మరియొకటి చేయుటకు పూనుకొనెను. అట్లు మూడు పెద్ద యంత్రములైన పిమ్మట, 1759 నాటికి అరచేతిలో పట్టు పెద్ద జేబుగడియారము వంటి నాలుగవదానిని ముగించెను.

1761 నవంబరులో అతని కుమారుడు విలియము ఈ నాలుగవ గడియారముతో డెట్ఫర్డు అను ఓడ నెక్కి జమైకా దీవికి బయలుదేరెను. త్రోవలో ఓడలోని పానీయములు చెడిపోయెను. మెదీరా దీవులను త్వరగా చేరినగాని దాహము తీరదు. ఓడ నడుపువారి లెక్క ఒకటి, గడియారపు లెక్క మరియొకటి. విలియము త్రోవ మార్చవలదని, రేపు ఉదయమునకు నేల కనబడునని చెప్పెను. మరునాడు తెల్లవారునప్పటికి నేల కనబడెను. ఆ దినమునుండి ఆ ఓడలో గడియారమునకు కలిగిన గౌరవము ఇంతింత గాదు. 81 దినములైన పిమ్మట జమైకాలో చూడగా గడియారము 5 సెకండులు మాత్రమే వెనుకబడి యుండెను.

బహుమానము వచ్చినదా? రాలేదు. పరీక్షాధికారులు అడిగిన ప్రశ్న ఇది: జమైకా రేఖాంశము ఇంతయని మనకు నిశ్చయముగా తెలియునా? తెలియనపుడు గడియారము సరియైనదని దేనితో పోల్చి చెప్పుదుము? హారిసన్ కుటుంబము దీనిని అన్యాయమని మొరపెట్టెను. పలువురు చరిత్రకారులును అట్లే వ్రాసిరి. నా మట్టుకు నాకు ఆ ప్రశ్న న్యాయమైనదే. కొలబద్ద సరియైనదని తెలియనిదే బట్టను కొలువరాదు. తప్పు ప్రశ్నలో లేదు. ఆ ప్రశ్నను ఓడ బయలుదేరక ముందు అడుగకుండుటలో నున్నది.

కావున 1764లో రెండవ పరీక్ష జరిగెను. ఈసారి బార్బడోసు దీవి. దాని రేఖాంశమును బృహస్పతి గ్రహపు చంద్రులనుబట్టి నిర్ణయించుటకు ముందుగా జ్యోతిష్కులను పంపిరి. వారిలో నెవిల్ మాస్కలైన్ అనునత డొకడు. ఇతడు చంద్రుని గమనమునుబట్టి రేఖాంశమును గుణించు మరియొక మార్గమునకు పెద్దదిక్కు. అనగా ఈ వ్యాజ్యమున ప్రతివాది బంధువే అమీనుగా వచ్చెనన్నమాట. ఐనను 47 దినముల ప్రయాణమున గడియారపు తప్పు 39 సెకండులు మాత్రమే యని తేలెను. చట్టము కోరినదానికి మూడు రెట్లు మేలైన ఫలితము.

అప్పుడు అధికారులు, ఇది ఒక్క గడియారపు అదృష్టము కావచ్చును గాన, దాని లోపలి మర్మమును విప్పి చూపవలెననిరి. మరియొకరు చేసినను ఇట్లే నడచునా యని అడిగిరి. గడియారమును గ్రీనిచ్ వేధశాలకు చేర్చి మాస్కలైన్ వశము చేసిరి. 1766 మే నెలనుండి పది నెలలు అతడు దానిని ఒడ్డున పరీక్షించి, ఇది నమ్మదగినది గాదని వ్రాసెను. చూచితిరా! దుక్కిలో రెండుసార్లు గెలిచిన ఎద్దు సంతలో ఓడినది. మొదట దానిని విప్పి మరల కూర్చుటవలన నడక మారినదని, తనకు పగవానివంటి వాని చేతిలో పెట్టిరని హారిసన్ మొత్తుకొనెను. 1772లో మూడవ జార్జి రాజు తన సొంత వేధశాలలో హారిసన్ చేసిన ఐదవ గడియారమును స్వయముగా పరీక్షింపజేసెను. మొదటి దినములలో అదియు దారుణముగా తప్పెనట. ఏమని వెదకగా, ప్రక్కనున్న పెట్టెలో అయస్కాంతపు రాళ్ళున్నవని రాజునకు జ్ఞప్తికి వచ్చెనని చెప్పుదురు. వానిని తీసివేసిన పిమ్మట పది వారములు అది చక్కగా నడచెను. 1773లో పార్లమెంటు హారిసనునకు ధన మిచ్చెను. అప్పటికి అతనికి 80 ఏండ్లు. నాలుగవ గడియారమునకు కెండల్ అను పనివాడు చేసిన నకలు 1772 మొదలు 1775 వరకు కెప్టెన్ కుక్ ఓడలో దక్షిణపు మంచుసముద్రముల దాక పోయి నిలిచెను. అదే ప్రయాణమున వేరొక పనివాడు చేసిన గడియారములు నిలువలేదు. అధికారులు కోరిన నకలు పరీక్ష ఈ విధముగా మంచుగడ్డల నడుమ ముగిసెను.

ఇంతసేపు గడియారమును గూర్చి చెప్పుటకు కారణము కలదు. నేటి ఓడలు త్రోవ చూచుకొనునది ఆకసమున తిరుగు ఉపగ్రహములవలన. ఆ ఉపగ్రహములు నిజమునకు గడియారములే. జి.పి.ఎస్. అను అమెరికా ఉపగ్రహములు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున నుండి 'ఇప్పుడు కాల మింత' అని రేడియో తరంగములద్వారా చాటుచుండును. ఆ తరంగములు నాలుగు ఉపగ్రహములనుండి చేరిన కాలభేదమునుబట్టి ఓడలోని యంత్రము తానున్న తావును గుణించుకొనును. ఇచ్చట సెకండులో పది లక్షలవ వంతు తప్పినచో దూరము 300 మీటర్లు తప్పును. హారిసన్ కాలమున 5 సెకండులు అద్భుతము. నేడు అందులో పది లక్షలవ వంతైనను ప్రమాదమే.

ఇట్టి యంత్రము సరిగా నుండగనే ఒక పెద్ద ఓడ ఒడ్డున పడిన కథ వినుడు. 1995 జూన్ 9వ తేది మధ్యాహ్నము రాయల్ మేజస్టీ అను ప్రయాణికుల ఓడ బెర్ముడా దీవినుండి అమెరికాలోని బోస్టను రేవునకు బయలుదేరెను. అందు 1,509 మంది యుండిరి. బయలుదేరిన గంటలోపలనే జి.పి.ఎస్. యంత్రమునకు ఆకసపు వార్తను చేరవేయు తీగ ఊడిపోయెను. యంత్రము ఒక్క క్షణము చిన్నగా కూసి, తెరమీద రెండు చిన్న అక్షరములను వెలిగించి, అటుపై వేగమును దిక్కును మాత్రము లెక్కించుకొని ఊహగా తావు చూపుచుండెను. గాలిని, నీటి పోటును అది ఎరుగదు. 34 గంటలు ఎవరును ఆ అక్షరములను చూడలేదు. గంటగంటకు పటముమీద గుర్తు పెట్టిరి. గుర్తు త్రోవమీదనే పడుచుండెను. పడక యేమి చేయును? త్రోవ నడిపించు యంత్రమును, గుర్తు చూపు యంత్రమును ఒకే అబద్ధమును చెప్పుచున్నవి. వేరొక విధమైన రేడియో సాధనము ఆ గదిలోనే నిజమైన తావును చూపుచుండెను. దానితో పోల్చి చూచినవారు లేరు. రెండవ రాత్రి కావలివారు వింతయైన దీపములు కనబడుచున్నవని చెప్పిరి. ఎదుట నీరు తెల్లగా పొంగుచున్నదనియు చెప్పిరి. అధికారి యంత్రమును నమ్మెను, కావలివాని కన్నులను నమ్మలేదు. పదిన్నర గంటల వేళ ఓడ నాన్‌టకెట్ దీవికి తూర్పున ఇసుకదిబ్బ నెక్కెను. తామున్నామనుకొన్న తావునకు 17 మైళ్ళ దూరమున నుండిరి. దైవవశమున ఒక్కరును చనిపోలేదు.

ఈ యంత్రము చెడిపోలేదు. చేసినవారు ఎట్లు నడువవలెనని చేసిరో అట్లే నడచినది. ఒక్కొక్క సాధనము బల్లమీద పెట్టి చూచినపుడు సరిగా నుండుట వేరు. అన్నియు కలిసి, అలసిన మనుష్యుని యెదుట, అర్ధరాత్రి సరిగా నుండుట వేరు. ఆ రెండవ సంగతిని తెలిసికొనుటకే నేడు సిమ్యులేటరు అను శాలలు కట్టినారు.

ఈ శాల యనగా ఒడ్డుననే యున్న ఒక గది. ఓడలోని చుక్కాని గదివలెనే చక్రము, రాడారు, పటములు, గంటలు అన్నియు నుండును. కిటికీల కెదురుగా పెద్ద తెరలమీద సముద్రము కనబడును. రేవులు, దీపస్తంభములు, ఎదురువచ్చు ఓడలు కదలును. కంప్యూటరు గాలిని వీచించును, మంచు క్రమ్మించును. ఓడ బరువునుబట్టి చుక్కాని త్రిప్పిన ఎంతసేపటికి ముక్కు తిరుగునో లెక్కగట్టి తెరను అట్లే త్రిప్పును. అనుభవజ్ఞులైన నావికులు సైతము కొంతసేపటికి అది గది యని మరచి గోడ పట్టుకొందురు. ప్రక్కగదిలో పరీక్షకు డుండి, నావికునికి చెప్పకుండ ఒక తీగను ఊడదీసినట్లు చేయును. అబద్ధపు తావును చూపించును. ఎదుట ఒక చేపల పడవను తెచ్చి పెట్టును. క్రొత్త సాధనము ఎట్లు హెచ్చరించెను, మనుష్యుడు ఎన్ని నిమిషములకు కనుగొనెను అని వ్రాసికొనును. ఒకే మంచు రాత్రిని పదిమంది నావికులకు పదిసార్లు చూపవచ్చును. సముద్రము అట్టి ఉపకారము చేయదు. తప్పినచో దీపములు వెలిగించి మరల మొదలు పెట్టవచ్చును. శవములను మోయనక్కర లేదు.

తెరలు లేని సిమ్యులేటర్లును కలవు. ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ పట్టణమునకు సమీపమున పోర్ట్ రెవెల్ అను చెరువు కలదు. అందు పెద్ద ఓడలకు ఇరువదియైదవ వంతు కొలతగల నమూనాలు తేలును. ఓడను నడుపు పెద్దలు వానిలో కూర్చుండి నేర్చుకొందురు. కొలత 25 వంతులు తగ్గినపుడు కాలము 5 రెట్లు వడిగా నడచునట. నిజమైన రేవులో 5 నిమిషములకు జరుగునది అచ్చట ఒక్క నిమిషమునకు జరుగును. తల నెరసిన కెప్టెనులు పిల్లల పడవవంటి దానిలో కూర్చుండుట చూచువారికి నవ్వు పుట్టించవచ్చును గాని, నేర్చుకొన్నవారు నవ్వరు. మన విశాఖపట్టణమునను 1969లో స్థాపింపబడిన నౌకాశాస్త్ర ప్రయోగశాల కలదు. అందు నమూనా ఓడలను పొడవైన నీటితొట్టిలో లాగి, నీరు వానిని ఎట్లు అడ్డునో కొలుతురు.

ఐతే ఈ శాలలకు ఒక హద్దు కలదు. సిమ్యులేటరుకు కట్టినవాడు చెప్పినదే తెలియును. కట్టినవానికి తోచని ఆపద ఆ గదిలో పుట్టదు. 2021 జూన్‌లో మేఫ్లవర్ అను చిన్న ఓడ ఇంగ్లండునందలి ప్లిమత్ రేవునుండి అమెరికాకు బయలుదేరెను. అందు మనుష్యుడే లేడు. కెమెరాలు, రాడారు, కంప్యూటరు తామే చూచి తామే త్రోవ నిర్ణయించుకొనునట్లు దానిని చేసిరి. ఆ కంప్యూటరుకు ఒడ్డున ఎంతయో కాలము శిక్షణ యిచ్చిరి. ఎదురువచ్చు ఓడను, తేలెడి దుంగను, పక్షిని గుర్తించుట నేర్పిరి. మూడు దినములకు ఓడను వెనుకకు పిలువవలసి వచ్చెను. కంప్యూటరు తప్పు చేసినదా? లేదు. ఇంజను పొగగొట్టమును కలుపు లోహపు ముక్క ఒకటి విరిగెను. మనుష్యు డున్న ఓడలో ఒక పనివాడు తీగతో కట్టి, తిట్టుకొనుచు ముందుకు సాగును. మరుసటి ఏడు అది మరల బయలుదేరి, విద్యుత్తు సంబంధమైన చిక్కులవలన త్రోవలో నిలిచి, 2022 జూన్ 5న కెనడాలోని హాలిఫాక్సు రేవు చేరెను. దానిని పంపినవారు దాని కన్నులను పరీక్షింపబోయిరి. సముద్రము దాని ఎముకలను పరీక్షించెను. అదే ఏడు జనవరిలో జపానువారు 222 మీటర్ల పొడవుగల సొలైల్ అను ఓడను దానంతట అదే నడచునట్లు చేసి 240 కిలోమీటర్లు పోనిచ్చిరి. ఆ ఓడలో మాత్రము నావికులను ఉంచుకొనియే పరీక్షించిరి. ఇందు జపానువారి జాగ్రత్తయే నాకు నచ్చినది.

నడిసముద్రమున బుద్ధిపూర్వకముగా ఆపదను కల్పించి చూచిన పరీక్షలును కలవు. 2008లో బ్రిటను, ఐర్లండు దీపస్తంభముల అధికారులు ఫ్లామ్‌బరో అను కొండకొనమీద ఒక యంత్రమును పెట్టి, సముద్రమువైపు జి.పి.ఎస్. తరంగములను అణచు రొదను ప్రసరింపజేసిరి. దాని శక్తి చిన్న దీపమును వెలిగించునంత మాత్రమే. ఆకసమునుండి వచ్చు వార్త అంతకంటె బలహీనము. సంతలో రహస్యము చెప్పినట్లుండును. ఆ రొదలోనికి పోల్ స్టార్ అను ఓడను నడిపించిరి. ఆ పేరునకు ధ్రువనక్షత్ర మని యర్థము. పేరు పెట్టినవారు ఈ పరీక్షను ఊహించి పెట్టలేదు గాని చక్కగా అమరినది. ఓడ ఆ ప్రాంతమున ప్రవేశింపగనే చుక్కాని గదిలో హెచ్చరికలు ఒకదానిమీద నొకటి మ్రోగెను. తావు చూపు యంత్రమే గాక, పటము చూపు యంత్రము, ఇతర ఓడలకు తన యునికి చెప్పు యంత్రము, ఆపదలో రక్షణ కోరు యంత్రము, ఇవన్నియు ఆ ఒక్క వార్తమీదనే ఆధారపడి యుండెనని అప్పుడు బయటపడెను. రొద అంచున కొన్ని యంత్రములు మ్రోగనైన మ్రోగక, తప్పు తావును నిబ్బరముగా చూపెను. నేలమీది గోపురములనుండి వచ్చు ఈలోరాన్ అను రేడియో సాధనము మాత్రము చలింపలేదు. ఓడలోనివారికి ముందే చెప్పియుండుటచే కంగారు పడలేదు.

2013లో టెక్సాసు విశ్వవిద్యాలయమువారు మరియొక అడుగు వేసిరి. మధ్యధరా సముద్రమున 65 మీటర్ల విలాసనౌక యొకదానిలో, దాని పెద్దల అనుమతితోనే, చేతిపెట్టెయంత యంత్రముతో నకిలీ ఉపగ్రహపు వార్తలను నిజమైనవానికంటె కొంచెము బలముగా వినిపించిరి. ఈసారి గంట మ్రోగలేదు. ఓడ త్రోవనుండి జరిగినదని యంత్రము చూపగా, నావికులు దానిని సవరించిరి. ఆ సవరింపువలననే ఓడ నిజమైన త్రోవను విడిచెను. ఇది విద్యార్థుల వింత ఆట యనుకొన్నవారికి 2017 జూన్‌లో జవాబు వచ్చెను. నల్లసముద్రమున నోవోరోసీస్కు రేవు దగ్గర ఇరువదికి మించిన ఓడలు తాము నీటిమీద గాక విమానాశ్రయమున నున్నట్లు తమ యంత్రములలో చూచుకొనెను.

పరీక్షలో నెగ్గిన ఈలోరాను ఏమైనది? ఫ్రాన్సు, నార్వే దేశములు తమ గోపురములను నిలిపివేయగా, ఒంటరిగా నడుపుట సాగక, 2015 డిసెంబరు చివర బ్రిటిషు అధికారులును ఆ సేవను ఆపివేసిరి. పరీక్షాఫలితము పుస్తకమున నిలిచెను, సాధనము సముద్రమున నిలువలేదు. ఇది నాకు మింగుడు పడని సంగతి.

మన దేశపు సంగతియు చెప్పవలసియున్నది. మన సొంత ఉపగ్రహ మార్గదర్శక వ్యవస్థకు నావిక్ అని పేరు. దాని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న మన శ్రీహరికోటనుండి పైకెగసెను. అందు విదేశములనుండి తెచ్చిన రుబీడియము గడియారములు మూడుండెను. ఒడ్డున అన్ని పరీక్షలకు నిలిచినవే. ఆకసమున మూడును ఒకదాని తరువాత నొకటి చెడినవని 2017 ఆరంభమున వెల్లడియయ్యెను. దానికి మారుగా ఆ ఏడు ఆగస్టులో పంపిన ఉపగ్రహము, పైకప్పు విడివడక, నిష్ఫలమయ్యెను. 2018 ఏప్రిలులో మరియొకటి చేరెను. 2023 మే 29న పంపిన ఉపగ్రహమున మన దేశముననే చేసిన గడియారమును తొలిసారిగా పెట్టిరి. హారిసన్ పోరాటము ఇంకను ముగియలేదు. స్థలము మాత్రము మారినది.

తీరగ్రామముల పెద్దలకు ఈ మాటలు దూరదేశపు కథలు గావు. 2018లో మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు గుజరాతు తీరమున కూలికి వేటకు పోయి, పాకిస్తాను జలములలో ప్రవేశించిరని అచ్చటివారిచేత పట్టుబడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. నీటిమీద గీత గీచి యుండదు. గీతను చూపునది ఆ చిన్న యంత్రమే. మీ ఊరి పడవలో అట్టి యంత్రమున్నచో, ఒడ్డున నున్నపుడే, దీపస్తంభము వంటి తెలిసిన తావున నిలిచి, అది చూపు అంకెలను వ్రాసి యుంచుకొనుడు. వేటకు పోవు ముందెల్ల వానితో పోల్చుకొనుడు. ఒకసారి దాని తీగను మీరే ఊడదీసి చూడుడు. ఊడదీయ వీలుకానిచో రేకుడబ్బాతో మూసి చూడుడు. తెరమీద ఏ అక్షరము మారునో, ఎంతసేపటికి మారునో గమనింపుడు. కూత వచ్చునేమో వినుడు. ఇంజను నడచుచుండగా ఆ కూత చుక్కాని పట్టినవానికి వినబడునో లేదో, పడవలోని కుఱ్ఱవానిని అచ్చట నిలువబెట్టి అడిగి తెలిసికొనుడు.